తాడు ఎవరు పట్టుకుంటున్నారు?

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఎం.ఎస్. చదువుతోంది. ఆదివారం వస్తే చాలు, ఫ్రెండ్స్‌తో కలిసి అడవిలో బండలెక్కడానికి పోతోంది. మొన్న పంపిన వీడియోలో పైనుంచి జారిపడి, తాడుకు వేలాడుతూ నవ్వుతోంది! నాకు నిద్ర పట్టలేదు. ఈ వారమేమో పక్షులు గూడు పెట్టాయని ఆ బండ మూసేశారట, ఇంకోదానికి వెళ్లారట. ఏది నమ్మాలి? మాన్పించమంటారా?
– ఒక తల్లి, భువనగిరి

జవాబు: అమ్మా, పక్షుల సంగతి నిజమే. మీ అమ్మాయి వెళ్లేది ఫ్రాంకెన్‌యూరాకి అయ్యుంటుంది. నేనూ న్యూరెంబర్గ్ నుంచి అక్కడికే పోతుంటాను. చెట్ల మధ్య వెయ్యికి పైగా చిన్న చిన్న సున్నపురాయి బండలున్నాయి. వసంతంలో కొన్నిటి మీద డేగలు, పెద్ద గుడ్లగూబలు పిల్లల్ని చేస్తాయి. అవి ఎగిరిపోయేదాకా అక్కడ ఎక్కకూడదని బోర్డు పెడతారు.

ఇక పడటం. మీ ఊరి గుట్ట మీద తాళ్లతో ఎక్కే పిల్లల్ని చూసే ఉంటారు. అది గ్రానైటు వాలు, పాదాలను నమ్ముకుని ఎక్కాలి. ఇక్కడ పని వేళ్లది. ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరే గుంతలు పట్టుకుని, ముందుకు వంగిన గోడ మీద పైకి పోవాలి. వాన వెలిసి ఎండ కాస్తున్నా అడవి నీడలో ఆ గుంతలు ఓ పట్టాన ఆరవు. వేలు పెట్టాక గానీ లోపల తడి తెలియదు, జర్రున జారుతుంది. పైగా ఆటే అలాంటిది. 1975లో కుర్ట్ ఆల్బర్ట్ అనే క్లైంబర్ ఇక్కడే ఓ పద్ధతి మొదలుపెట్టాడు. తాడు మీద బరువు వేయకుండా కింది నుంచి పైదాకా ఎక్కితేనే లెక్క. అలా ఎక్కిన దారి మొదట్లో ఎర్ర చుక్క పెట్టేవాడు. ఇప్పుడు స్పోర్ట్ క్లైంబింగ్ చేసేవాళ్లందరిదీ అదే రూలు. మధ్యలో పడితే మళ్లీ మొదటికే. రాతిలో దిగేసిన బోల్టులకు తాడు తగిలిస్తూ ఎక్కుతారు, కింద ఒకరు దాని రెండో కొస పట్టుకుంటారు, పైగా తాడు సాగుతుంది, కాబట్టి పైన పడితే చాలావరకు గాల్లో ఊగడమే. ఆ నవ్వు అందుకే.

నాకు టెన్షన్ పైనున్న మనిషి గురించి కాదు, కింద తాడు పట్టుకున్న మనిషి గురించి. ఫోన్ చూస్తూనో కబుర్లాడుతూనో తాడు వదులుగా ఉంచితే, రెండో బోల్టు దాటకముందు పడినవాళ్లు నేలకే తగలొచ్చు. ఇక్కడ మొదటి బోల్టే ఒక్కోచోట బాగా ఎత్తులో ఉంటుంది. అందుకని చాలామంది పొడవాటి కర్రతో కింద నుంచే దానికి తాడు తగిలిస్తారు. అది పిరికితనం అనుకునే కుర్రాళ్లతో మీ అమ్మాయి వెళ్లకపోవడమే మంచిది. కిందికి దించేటప్పుడు తాడు పొడవు చాలకపోతే చివర జారిపోయి మనిషి పడిపోతుంది. ఆ చివర ఒక ముడి వేస్తే ఆ గొడవే ఉండదు.

మాన్పించకండి. ‘జాగ్రత్తమ్మా’ అని ఫోన్ పెట్టేయకుండా, తాడు ఎవరు పట్టుకుంటున్నారు, చివర ముడి వేస్తున్నారా, హెల్మెట్ ఉందా అని అడగండి. తడుముకోకుండా చెబితే హాయిగా పడుకోండి.

మీరు అడగలేదు గానీ, ఆ అడవి గడ్డిలో పిడుదులు ఎక్కువ. వాటి కాటుతో మెదడువాపు రావచ్చు. దానికి టీకా ఉంది, మొదట మూడు డోసులు, ఆ తర్వాత కొన్నేళ్లకోసారి బూస్టర్. వేయించుకుందో లేదో ఈ ఆదివారం లోపే కనుక్కోండి.