వేసవి ఆకుకూరల మడిలో గడ్డి ఎప్పుడు పరచాలి?

మార్చి దాటాక రెండు పూటలా నీళ్ళు పోస్తున్నా తోటకూర, పాలకూర మడులు వాడిపోతున్నాయనీ, మల్చింగ్ చేస్తే, అంటే నేలను గడ్డితోనో ఆకులతోనో కప్పితే, నిలుస్తాయా అనీ మీరు అడిగారు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలో మా పెరటి మడుల్లో కొన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. తోటకూర నిలుస్తుంది. అయితే ఏది పరిచామన్న దానికన్నా ఎప్పుడు పరిచామన్నదే ఆకుకూరలకు ముఖ్యమని నా అనుభవం.

మొదటి ఏడాది తోటకూర విత్తనం చల్లిన రోజే వరిగడ్డిని దట్టంగా కప్పాను. ఆవగింజకన్నా చిన్నదైన ఆ గింజలో దాచుకున్న బలం తక్కువ కావడంతో, వెలుతురు అందని మొలకలు తెల్లగా, సన్నగా సాగి, గడ్డి తీసిన మధ్యాహ్నమే ఎండకు వాలిపోయాయి. మడి మొత్తం పోయింది. ఇప్పుడు విత్తిన రోజు నేల కనిపించేంత పలుచగా గడ్డి వేసి, మొలకెత్తిన సాయంత్రమే తీసేస్తాను. మొక్కలు బెత్తెడు ఎత్తుకు వచ్చాక మడిని బాగా తడిపి, వరసల మధ్య రెండంగుళాల మందాన పరిచి, కాండం చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ వదులుతాను. పొడి నేల మీద పరిస్తే, తర్వాత పోసిన నీటిలో చాలా భాగాన్ని గడ్డే పీల్చుకుంటుంది.

మా వైపు టేకాకుకు కొదవ లేదు. కానీ ఆ వెడల్పాటి ఆకును అలాగే వేస్తే నీరు పైనుంచి జారిపోతుంది కాబట్టి, నలిపి గడ్డితో కలపాలి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్ల కింద రాలిన ఆకులను తగలబెట్టే అలవాటు ఇక్కడ ఉంది. అంత మంచి ఆకు బూడిద కావడం చూడలేక, మా చేలోని చెట్ల కింద ముందే ఊడ్చి గోతాల్లో నింపుకుంటాం.

వరిగడ్డిని మట్టిలో మాత్రం కలపకండి. దానిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకోవడంతో ఆకులు పసుపుబారతాయి. పైపైన పరిచినప్పుడు ఈ బాధ తక్కువ. నేను గడ్డి కింద చివికిన పశువుల ఎరువు, చెదలు పట్టకుండా కొంత వేపపిండి వేస్తాను.

ఇలా చేశాక గోంగూరకు, బచ్చలికి రోజు విడిచి రోజు నీరు సరిపోతోంది. పాలకూర మాత్రం మే ఎండకు మా దగ్గర నిలవలేదు. ఆ నెలలో దాని జోలికి వెళ్ళను. వానలు మొదలవగానే గడ్డిని పక్కకు లాగేయండి, తడి గడ్డి కింద నత్తలు చేరి లేత ఆకులను ఒక్క రాత్రిలో కొరికేస్తాయి.