రెండు బాయిలర్లను కలిపితే ప్రెషర్ సమం చేయాలా?

గ్యాస్ బాయిలర్‌నీ, కట్టెల బాయిలర్‌నీ ఒకే పైపులైన్‌కి కలిపాక ఒక ప్రెషర్ గేజ్ 1.5 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలిచే యూనిట్), రెండోది 1.2 బార్ చూపిస్తోందన్నది మీ ప్రశ్న. చాలావరకు ఇది సమస్యే కాదు. నీళ్లు కలిసి ఉన్నంతకాలం ప్రెషర్ తనంతట తానే సమం అవుతుంది. ఎత్తు 10 మీటర్లు పెరిగితే సుమారు 1 బార్ తగ్గుతుంది కాబట్టి, ఒక గేజ్ 3 మీటర్లు పైన ఉంటే ఈ తేడా రావాల్సిందే. రెండూ ఒకే ఎత్తులో ఉండి, పంపులు ఆపినా తేడా పోకపోతే గేజ్ పాడై ఉండాలి, లేదా మధ్యలో ఏదో వాల్వ్ మూసి ఉండాలి.

అసలు తలనొప్పి పంపులతో. రెండు పంపులు ఒకే పైపులోకి తోస్తుంటే బలమైనది రెండోదాన్ని అణిచేస్తుంది. ఆగి ఉన్న బాయిలర్‌లోకి నీళ్లు వెనక్కి కూడా పారవచ్చు. దీనికి నీళ్లను ఒకే దిశలో పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ ఒక్కటే చాలదు. మధ్యలో లో లాస్ హెడర్ పెట్టించండి. అదొక వెడల్పాటి పైపు, అందులో ప్రెషర్ నష్టం దాదాపు ఉండదు. కాబట్టి ఏ పంపు పని దానిదే.

ఎక్స్‌పాన్షన్ ట్యాంకులు (వేడికి పెరిగే నీటికి చోటిచ్చే, ఒకవైపు గాలి నింపిన ట్యాంకులు) రెండుంటే, వాటిలోని గాలి ప్రెషర్‌ని నీటివైపు ఖాళీ చేశాకే కొలవాలి. చల్లగా ఉన్నప్పటి సిస్టమ్ ప్రెషర్ కంటే అది కాస్త తక్కువ ఉండాలి. ఇక ప్రెషర్ మితిమీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ ప్రతి బాయిలర్‌కీ విడిగా ఉండాల్సిందే. దానికీ బాయిలర్‌కీ మధ్య మూసే వాల్వ్ ఏదీ ఉండకూడదు.

కట్టెల బాయిలర్ ఓపెన్ ట్యాంకుది (గాలికి తెరిచి ఉన్నది), గ్యాస్‌ది సీల్డ్ (పూర్తిగా మూసి ఉన్నది) అయితే మాత్రం నేరుగా కలపొద్దు. మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటే వేడి మాత్రమే దాటుతుంది, నీళ్లు కలవవు.