యాంటీవైరస్ కోసం అప్పు వద్దు, ముందు అత్యవసర నిధిని వేరు చేయండి

ప్రశ్న: విశాఖ ఆటోనగర్‌లో ప్రైవేటు ఉద్యోగిని. జీతం రూ.38,000, ఇంటి ఖర్చు రూ.28,000. బ్యాంకు పనులకూ పాప చదువుకూ ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉంది. ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి’ అని తెరపై తరచూ హెచ్చరిక వస్తోంది. పొదుపు ఖాతాలోని రూ.1,60,000 కదపకుండా, రుణ యాప్‌లో వాయిదాలపై రూ.7,500 పెట్టి మూడేళ్ల యాంటీవైరస్ ప్యాకేజీ కొనవచ్చా?

జవాబు: కొనవద్దు. భయపడి, అదీ అప్పు తెచ్చి, అవసరమో కాదో తేలని వస్తువు కొనడం ఈ మధ్య చాలా ఇళ్లలో చూస్తున్నాను కాబట్టే మీ ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను. బ్రౌజర్‌లో కనిపించే అలాంటి హెచ్చరికల్లో అధిక భాగం అమ్మకం కోసమో మోసం కోసమో పుట్టించినవే. వాటిని నొక్కకుండా మూసివేసి, విండోస్‌తోపాటే ఉచితంగా వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయండి.

డిఫెండర్ ఒకప్పుడు బలహీనమే. కొన్నేళ్లుగా మాత్రం జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ వంటి స్వతంత్ర సంస్థల పరీక్షల్లో డబ్బు పెట్టి కొనేవాటికి దీటుగా నిలుస్తోంది. ఏవీ-టెస్ట్ రక్షణకు 6, కంప్యూటర్ వేగం తగ్గించకపోవడానికి 6, మంచి ఫైళ్లను వైరస్‌గా పొరబడకపోవడానికి 6 మార్కులు వేస్తుంది. ఎప్పుడైనా కొనవలసివస్తే ప్రకటన చూసి కాక ఈ మూడూ చూసి, మొదటి ఏడాది తగ్గింపు ధరను కాక రెన్యువల్ ధరను లెక్కవేసి నిర్ణయించుకోండి.

ఏ యాంటీవైరస్ అయినా పాతబడిన విండోస్‌లోని లోపాలను పూడ్చలేదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ దాడిచేసినప్పుడు దానికి విరుగుడు అప్‌డేట్ మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోని యంత్రాలే ఎక్కువగా చిక్కాయి. మీది విండోస్ 10 అయితే దానికి సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11కు మారే వీలుందేమో ముందు చూడండి.

ఇక అసలు ప్రమాదం మీ రూ.1,60,000 ఉన్న చోటే ఉంది. అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చుకు కావలసిన రూ.1,68,000కు మీరు దాదాపు చేరుకున్నారు, అందుకు అభినందనలు. కానీ ఆ మొత్తమంతా నెట్‌బ్యాంకింగ్, యూపీఐ, డెబిట్ కార్డు మూడూ ముడిపడిన ఒకే ఖాతాలో ఉంటే, ఒక్క పాస్‌వర్డ్, ఒక్క ఓటీపీ దొంగ చేతికి చిక్కిన రోజున ఆరు నెలల భద్రత ఆరు నిమిషాల్లో పోతుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి నిబంధనల ప్రకారం, ఓటీపీ వంటి వివరాలు మీరే చెప్పివేస్తే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం మీదే. అందుకే వాడుక ఖాతాలో రూ.20,000 మాత్రం ఉంచి, మిగిలిన రూ.1,40,000ను మరో బ్యాంకులో నెట్‌బ్యాంకింగ్, యూపీఐ, కార్డు ఏవీ తీసుకోని ఖాతాలో వేయండి. శాఖకు వెళ్తే తప్ప ఆ డబ్బు కదలకూడదు. తక్కువ పడిన రూ.8,000ను వచ్చే నెల జీతంలోనే పూరించండి. సైబర్ బీమా గురించి ఆ తరువాత ఆలోచించవచ్చు.

బ్యాంకులో లక్షన్నర ఉంచుకుని ఏడున్నర వేలకు రుణ యాప్ గడప తొక్కాలన్న ఆలోచన నన్ను బాధించింది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు అటుంచి, మీ ఫోన్‌లోని సమాచారాన్ని కూడా అవతలివారికి అప్పగించే యాప్‌లు కొన్ని ఉన్నాయి. వైరస్‌కు భయపడి చేయదగిన పని కాదది. యాప్ ఇప్పటికే వేసుకుని ఉంటే, తీసివేసే ముందు మీ పేరున రుణం ఏదైనా మంజూరైందేమో, ఖాతా నుంచి ఆటో డెబిట్‌కు అనుమతి ఇచ్చారేమో చూసి, ఇచ్చి ఉంటే బ్యాంకులో రద్దు చేయించండి. మీరు చేయని లావాదేవీ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా బ్యాంకుకూ, సైబర్ నేరాల ఫిర్యాదుల 1930 నంబరుకూ ఫోన్ చేయండి.