స్కూల్ బస్సుకి వెలిగే బోర్డు

ప్రశ్న: డిసెంబరులో మా బాబు బస్సెక్కే వేళకి ఇంకా చీకటిగానే ఉంటుంది. కార్లు ఆగుతాయో లేదోనని రోజూ టెన్షన్. బస్సుకి వెలిగే బోర్డులు పెట్టమని అడగవచ్చా అండీ?
– ఒక తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: తప్పకుండా అడగండమ్మా. నేను ఇక్కడ స్కూల్ బస్సు నడిపినవాణ్ణి. బస్సు ఎర్ర లైట్లు వెలిగి ఆరుతుంటే కనీసం 25 అడుగుల దూరంలో ఆగాలన్నది న్యూజెర్సీ చట్టం. కానీ ఆగాలంటే ముందు అది స్కూల్ బస్సని తెలియాలి కదా! పైన ‘స్కూల్ బస్’ అక్షరాలకు మామూలుగా వాడేది రిఫ్లెక్టివ్ షీటు. హెడ్‌లైట్ వెలుగు పడితేనే అది మెరుస్తుంది. మలుపు తిరిగొచ్చే కారు వెలుగు దాని మీద పడేసరికే ఆలస్యమైపోతుంది. లోపల ఎల్ఈడీలున్న బోర్డు తనంతట తానే వెలుగుతుంది. నన్నడిగితే, అన్నిటికంటే ముందుగా బస్సు పక్కన తెరుచుకునే స్టాప్ గుర్తుకి ఎల్ఈడీలు పెట్టించాలి.

ఇది అడగాల్సింది మీ ఊరి స్కూళ్లను చూసే ‘స్కూల్ బోర్డు’ అనే కమిటీని. దాని మీటింగుల్లో జనం మాట్లాడటానికి సమయం ఇస్తారు. మీ స్టాపు ఆ వేళకి ఎలా ఉంటుందో ఫొటో తీసి పట్టుకెళ్లండి.

ఈలోగా బాబు నల్ల జాకెట్‌కి, బ్యాగుకి రిఫ్లెక్టివ్ పట్టీ కుట్టించండి. రోడ్డు దాటాల్సి వస్తే బస్సుకి 10 అడుగుల ముందు నుంచి, డ్రైవరు చెయ్యి ఊపాకే దాటమనండి. గ్లౌజు కిందపడితే మాత్రం వంగొద్దని గట్టిగా చెప్పండి. బస్సు ముందు వంగిన పిల్లాడు మా సీట్లోంచి అస్సలు కనపడడు. వచ్చి డ్రైవరుకి చెబితే చాలు.