రంపచోడవరం వెళ్తున్న మా డాక్టరమ్మకి

చిన్నీ,

నీకు రంపచోడవరంలో పోస్టింగ్ వచ్చిందనీ, అదీ క్యాజువాలిటీ డ్యూటీ అనీ మీ నాన్న ఫోన్ చేశాడు. సంతోషంగా చెప్పాడో, ఏడవలేక చెప్పాడో నాకు తెలియలేదు. "అక్కా, నీ మాట వింటుంది, పీజీకి చదువుకోమని చెప్పు" అన్నాడు. నేను చెప్పను. ఈ మధ్యాహ్నానికే మా వీధిలో పాలవాడి దగ్గర్నుంచి పైవాటా వాళ్ల దాకా అందరికీ చెప్పేశాను, మా తమ్ముడి కూతురు ఏజెన్సీకి డాక్టరుగా వెళ్తోందని. ఇప్పుడు నువ్వు మానేస్తే నా పరువేం కావాలి?

నిద్ర మాత్రం పట్టట్లేదు. అందుకే ఈ ఉత్తరం. నర్సమ్మ డాక్టరమ్మకి చెప్పడమేంటి అనిపిస్తే ఇక్కడే మడిచి పెట్టెయ్. అనిపించకపోతే చివరిదాకా చదువు, మధ్యలో ఫోన్ చూడకు.

గుండెనొప్పి కేసు వస్తే ఏం చెయ్యాలో నీకు చెప్పక్కర్లేదు. పది నిమిషాల్లో ఈసీజీ, ఆస్పిరిన్ 300 నమిలించడం, చేతి నరానికి కాన్యులా, మానిటర్, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 90 కంటే తగ్గితేనే ఆక్సిజన్. ఇవి నువ్వు పరీక్షల్లో రాసి పాసైనవే.

పుస్తకంలో ఉండని సంగతులు వేరు. గుండెపోటు మనిషికి చెమట కారిపోతూ ఉంటుంది. ఆ చెమట మీద జెల్లీ రాసి ఈసీజీ బల్బులు పెడితే జారిపోతాయి, గీత పిచ్చిపిచ్చిగా వస్తుంది. ముందు పొడి గుడ్డతో ఒళ్లు తుడిపించు. అర్ధరాత్రి హడావిడిలో కుడిచేతి తీగ ఎడమచేతికి పెట్టేస్తారు. ఈసీజీలో లీడ్ వన్ అనే గీత మొత్తం తలకిందులుగా కనిపిస్తే రోగి గుండెని అనుమానించే ముందు తీగల్ని అనుమానించు. మొదటి ఈసీజీ బాగుందని ఎవర్నీ ఇంటికి పంపకు. నొప్పి ఉంటే పావుగంటకోసారి మళ్లీ తియ్యి. కాగితం దండగ అని ఎవరైనా గొణిగితే నా పేరు చెప్పు.

ఇంకొకటి. "గ్యాసేనమ్మా" అనే మాట నీ నోట రాకూడదు. వాళ్లే అంటారు, "రాత్రి చేపలపులుసు తిన్నాడండీ, గ్యాస్ పట్టేసింది" అని. నువ్వు తలూపావంటే అయిపోయింది. షుగర్ ఉన్నవాళ్లకీ, ముసలివాళ్లకీ, ఆడవాళ్లకీ నొప్పి రాకుండానే గుండెపోటు వస్తుంది. దవడ లాగుతోందంటారు, ఆయాసమంటారు, ఊరికే నీరసమంటారు. ముఖ్యంగా ఆడవాళ్లు. మంచం దిగి వచ్చి "నాకేం లేదమ్మా, ఈయన ఊరికే కంగారు పెట్టి తీసుకొచ్చాడు" అంటారు. వాళ్లని అస్సలు నమ్మకు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సింది.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి తెల్లవారుజామున ఒక కొబ్బరి వ్యాపారిని తీసుకొచ్చారు. యాభై దాటినవాడు, గట్టి మనిషి. నొప్పి మొదలవగానే, ఇంట్లో అతని బావమరిది తన జేబులో ఎప్పుడూ ఉంచుకునే సార్బిట్రేట్, అదే గుండెనొప్పి మాత్ర, ఒకటి తీసి నాలుక కింద పెట్టాడు. దారిలో ఆర్‌ఎంపీ దగ్గర ఆగారు. ఆయన ఇంకోటి పెట్టి, పిర్రకి ఒక నొప్పి ఇంజెక్షన్ పొడిచి, "పెద్దాసుపత్రికి పట్టుకుపొండి" అన్నాడు. క్యాజువాలిటీలో ఆ రాత్రి డ్యూటీ డాక్టరు చురుకైన కుర్రాడు. ఈసీజీ చేతికి రాగానే గుండె అడుగుభాగాన్ని చూపే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ, అంటే గుండెపోటుని పట్టిచ్చే గీత ముక్క, లేచి ఉండటం చూశాడు. ఆస్పిరిన్ నమిలించాడు. ఆ నోటితోనే, "సిస్టర్, ఒక సార్బిట్రేట్" అన్నాడు. అప్పట్లో ఛాతీ నొప్పి అంటే చెయ్యి తనంతట తనే ఆ మాత్ర మీదికి పోయేది.

ఓపీ చీటీ మీద బీపీ 130/80 అని రాసి ఉంది. ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. చేతికి కఫ్ చుట్టిందీ లేదు, గాలి కొట్టిందీ లేదు. చాలా చీటీల మీద ఉండే అంకే అది, అలవాటుగా రాసేశారు.

ఐదు నిమిషాలు గడవలేదు. "కళ్లు తిరుగుతున్నాయండీ" అన్నాడు. ముఖం పాలిపోయింది, కనుగుడ్లు పైకి పోయాయి. నేను మణికట్టు పట్టుకుంటే పల్స్ దొరకలేదు. మెడ దగ్గర దొరికింది, నలభై కూడా లేదు. కఫ్ చుడితే పైది అరవై. కాళ్లు ఎత్తి పట్టుకున్నాం, రెండు చేతులకీ సెలైన్ వదిలేశాం, గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇచ్చాం. బాటిల్ నొక్కి నొక్కి ఎక్కించాం. భార్య తలుపు దగ్గర నిలబడి "ఆ మాత్ర వేశాకే ఇలా అయ్యాడు" అని కేకలు. నిజమే కదా, ఆవిడ తప్పేం చెప్పలేదు.

బీపీ కాస్త తేరుకున్నాక ఆ కుర్రాడు వీ4 బల్బుని ఛాతీకి కుడివైపు మార్చి పెట్టి మళ్లీ గీత తీశాడు. అక్కడా ఎస్టీ లేచి ఉంది. గుండె అడుగుభాగంతో పాటు కుడి జఠరిక కూడా దెబ్బతింది. అలాంటి గుండె లోపలికి వచ్చే రక్తం మీదే ఆధారపడి నడుస్తుంది. సార్బిట్రేట్ సిరల్ని వదులు చేసి ఆ రక్తాన్ని కిందే ఆపేస్తుంది. ఒక మాత్రకే ప్రమాదం, ఇతనికి మూడు పడ్డాయి. ముగ్గురూ మంచి చేద్దామనే వేశారు. ముందువాడు ఏం వేశాడని రెండోవాడు అడగలేదు, మూడోవాడూ అడగలేదు.

అతను బతికాడు. ఆ డాక్టరు చేసిన పని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కేస్ షీట్ తీసుకుని, మాత్ర ఇచ్చిన టైము, ఇచ్చే ముందు బీపీ చూడలేదన్న మాట, తర్వాత జరిగింది, అన్నీ తన చేత్తో తను రాసి సంతకం పెట్టాడు. పక్కనున్న సీనియరు "ఎందుకయ్యా కోరి మెడకి తగిలించుకుంటావు?" అన్నాడు కూడా. ఆ రోజు నుంచి ఆ కుర్రాడు ఎవరు రాసిన బీపీనీ నమ్మలేదు, తనే చుట్టి తనే చూసేవాడు. మంచం దగ్గరికి వెళ్లగానే "ఇప్పటిదాకా ఏం వేశారు, ఎవరు వేశారు, ఎన్నింటికి?" అని అడిగేవాడు. నువ్వూ అడుగు. ఖాళీ స్ట్రిప్పులు జేబుల్లోంచి తీయించి చూడు. అడుగుభాగం గుండెపోటైతే కుడివైపు ఈసీజీ తియ్యకుండా నాలుక కింద ఏమీ పెట్టకు. బీపీ పైది వంద లోపున్నా పెట్టకు. ఇంకొక ప్రశ్న ఉంది, అడగడానికి సిగ్గుపడతావు. మగతనం మాత్ర ఏదైనా వేసుకున్నాడా అని. సిల్డెనాఫిల్ అయితే ఒక రోజు, టడలాఫిల్ అయితే రెండు రోజుల దాకా సార్బిట్రేట్ దగ్గరికి రానివ్వకూడదు. భార్యని బయటికి పంపి అడుగు. ఆవిడ ముందు ఒక్కడూ ఒప్పుకోడు.

ఆ ఆర్‌ఎంపీ పొడిచిన ఇంజెక్షన్ సంగతి మర్చిపోయాననుకున్నావా? రక్తం గడ్డ కరిగే మందు ఎక్కించాక ఆ పిర్రలోకి రక్తం దిగి గుమ్మడికాయంత వాచింది. కొన్నాళ్లు బోర్లా పడుకున్నాడు పాపం. అందుకని నీ దగ్గర ఛాతీ నొప్పి వాళ్లకి కండలో సూది పడనివ్వకు. డైక్లోఫెనాక్ నొప్పి ఇంజెక్షన్ అలవాటున్న సిస్టర్లు ఉంటారు, మొదటి రోజే మంచిగా చెప్పు. చుట్టుపక్కల ఆర్‌ఎంపీలతో గొడవ పెట్టుకోకు. వాళ్లకీ టీ ఇచ్చి ఇదే చెప్పు. కొండల్లో కేసు ముందు వాళ్ల దగ్గరికే వెళ్తుంది.

ఆ గడ్డ కరిగించడానికి మా రోజుల్లో స్ట్రెప్టోకైనేజ్. 15 లక్షల యూనిట్లు గంటసేపు ఎక్కిస్తూ, బీపీ పడిపోతే ఆపుతూ, మళ్లీ మొదలుపెడుతూ మంచం పక్కనే నిలబడేవాళ్లం. ఇప్పుడు మీకు టెనెక్టెప్లేజ్, ఒక్క తోపుతో అయిపోతుంది. గుండెపోటు రోగుల కోసం పెట్టిన స్టెమి కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారని విన్నాను, వేలకి వేలు ఖరీదు చేసే మందు. రాజమండ్రి, కాకినాడల నుంచి గంటకి పైగా దూరంలో కూర్చుని, రెండు గంటల్లోపు స్టెంటు పడే దారి లేనప్పుడు నీకు దిక్కు అదే. మోతాదు బరువుని బట్టి. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, అక్కణ్నుంచి పదికి ఐదు చొప్పున పెరిగి 50 దగ్గర ఆగుతుంది. 75 ఏళ్లు దాటినవాళ్లకి సగం. కొండ మనిషిని బరువెంతని అడిగితే నవ్వుతాడు, నువ్వే అంచనా కట్టాలి. సీసాని గిలకొట్టకు, మెల్లగా తిప్పు. డెక్స్ట్రోజ్ నడుస్తున్న లైన్లో ఇచ్చావా, మందు విరిగిపోతుంది. ముందూ వెనకా సెలైన్‌తో కడిగించు. పక్షవాతం వచ్చిందా, తలకి దెబ్బ తగిలిందా, రక్తం కక్కాడా, అన్నీ అడిగాకే. నొప్పి వీపులోకి చీల్చినట్టుందంటే రెండు చేతులకీ బీపీ చూడు. తేడా ఎక్కువుంటే బృహద్ధమని చీలిందేమో అనుమానించు. అక్కడ ఈ మందు ఇస్తే మనిషి దక్కడు.

మందు ఇచ్చేశాం కదా అని టీకి వెళ్లకు. రక్తం మళ్లీ పారడం మొదలయ్యాకే గుండె అడ్డదిడ్డంగా కొట్టుకుంటుంది. షాక్ మెషీన్ పక్కనే ఉండాలి, చార్జింగ్‌లో ఉండాలి. గంట, గంటన్నరకి మళ్లీ ఈసీజీ తీసి ఎస్టీ సగానికి దిగిందో లేదో చూడు. దిగకపోతే ఇక క్షణం ఆగకు, పంపించెయ్. దిగినా ఆ రోజుకా రోజు యాంజియోగ్రామ్ ఉన్నచోటికి పంపాల్సిందే. పంపేటప్పుడు రిఫరల్ చీటీలో మందు పేరు, మోతాదు, టైము పెద్దక్షరాల్లో రాయి. 108 వచ్చింది 2005 ఆగస్టు 15న. అంతకుముందు మేం జీపుల్లో, లారీ టాపుల మీద వచ్చినవాళ్లని దించుకున్నాం. మీ కొండ ఊళ్ల నుంచి ఇప్పటికీ డోలీలో రోడ్డు దాకా మోసుకొస్తారు, అక్కణ్నుంచే బండి. మోసుకొచ్చినవాళ్లని "ఇంత ఆలస్యంగానా తీసుకొచ్చేది?" అని మాత్రం తిట్టకు. ముందు మంచినీళ్లు ఇవ్వు.

ఏజెన్సీలో గుండె అంటే ముసలివాళ్ల గుండె ఒక్కటే కాదు. కీళ్లవాతం జ్వరంతో గుండె కవాటం ఇరుకైపోయిన ఇరవై ఏళ్ల పిల్లలు, కడుపుతో ఉండగా ఆయాసంతో వస్తారు. ఉబ్బసం అనుకుని నెబ్యులైజర్ పెట్టేస్తారు, గుండె ఇంకా వేగంగా కొట్టుకుని ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. మాస్క్ పెట్టే ముందు స్టెత్ పెట్టు, మెల్లగా విను. నిటారుగా కూర్చోబెట్టు, నీరు తీసే లాసిక్స్ ఇవ్వు. పడుకోమని బలవంతం చెయ్యకు, వాళ్లు పడుకోలేరు.

తేలు కుట్టిన పిల్లలు కూడా గుండె కేసులే అని గుర్తుపెట్టుకో. ఒళ్లంతా చెమట, వాంతులు, చేతులూ కాళ్లూ ఐస్‌లా చల్లగా ఉంటే ఎర్రతేలు విషం గుండె మీద పనిచేస్తోందన్నమాట. కాసేపటికి నురగ కక్కుతారు. మహారాష్ట్రలో మహాడ్ దగ్గర పల్లె ఆసుపత్రిలో పనిచేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరు ప్రాజోసిన్ అనే చవక బీపీ మాత్రతో ఈ పిల్లల్ని బతికించవచ్చని 1980లలోనే చూపించాడు. పెద్ద కాలేజీలో కాదు, నీలాంటి చోటే కూర్చుని కనిపెట్టాడు. మీ నాన్న ఏజెన్సీ ఎందుకన్నప్పుడల్లా ఆ పేరు చెప్పు. ప్రాజోసిన్ స్టోర్లో ఉందో లేదో వెళ్లగానే చూడు, తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉందో కూడా. ప్రాజోసిన్ వేశాక పిల్లవాణ్ని లేచి నిలబడనివ్వకు, బీపీ పడిపోతుంది.

ఇప్పుడు నా భయం చెప్తాను, నవ్వకు. నాకు గుండెపోటు అంటే భయం లేదు. రాత్రి పూట పోయినవాడి తాలూకు ఇరవైమంది క్యాజువాలిటీలోకి తోసుకురావడమంటే భయం. డాక్టర్ల మీద దాడి చేస్తే జైలని 2008లోనే చట్టం వచ్చింది. ఆ చట్టం పుట్టకముందూ చూశాను, పుట్టాకా చూశాను. అందుకే డ్యూటీ రూముకి రెండో తలుపు ఎటుందో మొదటి రోజే చూసుకో. పోలీస్ అవుట్‌పోస్టు నంబరు ఫోన్లో పెట్టుకో. అంతకంటే పనికొచ్చేది ఇంకొకటి ఉంది. రోగి పరిస్థితి బాగోలేదని ముందునుంచీ, కొద్దికొద్దిగా, ఇంటివాళ్లలో నిదానంగా ఉన్న ఒకరిని పిలిచి చెబుతూ ఉండు. సీపీఆర్ చేస్తుంటే ఆ ఒక్కరిని చూడనివ్వు. నువ్వు చెమటలు కక్కుతూ ఛాతీ నొక్కుతుంటే చూసినవాడు నీ మీద చెయ్యెత్తడు. నొక్కడం నిమిషానికి వందకి తగ్గకుండా, ఐదు సెంటీమీటర్లకి తగ్గకుండా నొక్కు. రెండు నిమిషాలకోసారి మనిషిని మార్చు. వార్డులో సాయం చేసే ఎంఎన్‌ఓకీ, ఎఫ్‌ఎన్‌ఓకీ నేర్పించు. రాత్రి నీ చేతులు పడిపోతే అందుకునేది వాళ్లే.

అందరూ బతకరు, తల్లీ. తెల్లారి ఆరింటికి ఒకడు పోతాడు, ఏడింటికి ఓపీలో దగ్గు, జలుబు వాళ్లు నిన్ను చూసి నవ్వుతారు. అప్పుడు ఏడుపొస్తే డ్యూటీ రూములోకి వెళ్లి ఏడువు. నర్సులం అందరం అక్కడే ఏడ్చాం. తర్వాత ముఖం కడుక్కుని ఏదైనా తిను. నువ్వు ఖాళీ కడుపుతో ఉంటే చిరాకు పడతావు, చిన్నప్పటి నుంచీ అంతే. కందిపొడి, నువ్వులపొడి, చింతకాయ పచ్చడి సర్దుతున్నాను. మారేడుమిల్లి ఘాట్‌లో రాత్రిపూట స్కూటీ మీద షికార్లు తిరిగావని విన్నానంటే ఆ పచ్చడి జాడీ వెనక్కి తీసుకుంటాను.

వెళ్లిన రోజే ఎమర్జెన్సీ ట్రే తెరిచి ఏమేం ఉన్నాయో, వేటి గడువు అయిపోయిందో నాకు వాట్సాప్‌లో పెట్టు. అడ్రినలిన్, అట్రోపిన్, లాసిక్స్, ఆస్పిరిన్, ప్రాజోసిన్. ఈసీజీ కాగితం రోల్ కూడా లెక్కపెట్టు. లేనివాటికి ఇండెంట్ ఎలా రాయాలో, స్టోర్ వాళ్లని ఎలా కదిలించాలో నేను చెప్తాను. ఆ విద్య మీ ఎంబీబీఎస్‌లో లేదు.

మీ అత్త