హారిస్ దీవి మిట్టలు: తూర్పు రోడ్డా, పడమర రోడ్డా?

ప్రశ్న: మాది చీరాల, ఉద్యోగం గ్లాస్గోలో. హైదరాబాద్‌లో నాతో చదువుకున్న స్నేహితుడు ఇప్పుడు లీడ్స్‌లో ఉన్నాడు. అప్పట్లో వారాంతాల్లో అనంతగిరి కొండలకు కలిసి తొక్కేవాళ్లం. వచ్చే జూన్‌లో స్కాట్లండ్ పడమటి దీవులు, అదే ఔటర్ హెబ్రిడీస్, దక్షిణం నుంచి ఉత్తరం దాకా సైకిల్ మీద చేయాలనుకుంటున్నాం. మిగతా రోజుల గురించి దిగుల్లేదు కానీ హారిస్ దీవి రోజు తలుచుకుంటేనే నాకు టెన్షన్. వాడు గట్టిగా తొక్కుతాడు, నేను నెమ్మది. హారిస్ దక్షిణ కొసన ఫెర్రీ దిగే లెవర్‌బరా నుంచి ఉత్తరాన ఉన్న స్టోర్నోవే పట్టణం దాకా ఒక్క రోజులో అయిపోతుందంటాడు వాడు. తూర్పు రోడ్డు మంచిదా, పడమర రోడ్డా? పైగా ఆ రోజు ఆదివారం పడుతోంది, నేను శాకాహారిని.

జవాబు: ముందు మీ స్నేహితుడి లెక్క తేల్చేద్దాం. లెవర్‌బరా నుంచి దారి మధ్యలో వచ్చే టార్బర్ట్ ఊరికి పడమర రోడ్డులో దాదాపు 35 కిలోమీటర్లు, అక్కడి నుంచి స్టోర్నోవేకు ఇంకో 60. మైదానంలో అయితే ఇది పెద్ద దూరం కాదు. కానీ మీరు బారా, యూయిస్ట్ దీవుల మీదుగా వస్తారు కదా, సముద్రం మీద కట్టిన గట్టు రోడ్ల మీద అంతా చాలావరకు చదునే, కాళ్లు దానికే అలవాటు పడిపోతాయి. బెర్నరేలో ఫెర్రీ ఎక్కి గంట తర్వాత హారిస్‌లో దిగగానే కథ మారిపోతుంది. టార్బర్ట్ దాటాక క్లిషమ్ కొండ పక్క నుంచి ఎక్కాలి, ఆ దీవులన్నిటిలో ఎత్తయిన శిఖరం అదే, 799 మీటర్లు. రోడ్డు శిఖరం దాకా పోదు కానీ సముద్ర మట్టం దగ్గర మొదలుపెట్టి సంచులతో ఎక్కుతుంటే అది తక్కువేమీ కాదు. కాబట్టి నా మాట వినండి, దీన్ని రెండు రోజులు చేయండి, రాత్రికి టార్బర్ట్‌లో ఆగండి. అప్పుడు తూర్పు రోడ్డు మీ చేతికొస్తుంది.

అవును, తూర్పు రోడ్డే. గోల్డెన్ రోడ్ అంటారు. టార్బర్ట్‌కు అటు నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. పడమర వైపు లస్కెంటైర్ తెల్లటి ఇసుక తీరం, జూన్‌లో పూలతో నిండిన పచ్చిక, ఎంత చెప్పినా తక్కువే. ఆ తీరం దాటాక పొడవైన మిట్ట ఒకటి ఉంది గానీ దానికి ఒక మొదలు, ఒక చివర ఉంటాయి, ఓపికగా ఎక్కేస్తే అయిపోతుంది. తూర్పు వైపు అలా కాదు, పెద్ద కొండ ఒక్కటీ ఉండదు, కానీ చదునుగా వంద గజాలు కూడా దొరకదు, ఒక చిన్న గుంట నీళ్ల పక్కకు జారి, మలుపు తిరిగి, నిలువుగా నాలుగిళ్ల దగ్గరికి ఎక్కి, మళ్లీ సముద్రపు పాయ దాకా దిగుతుంది, రోజంతా ఇదే. మీరూ మీ స్నేహితుడూ అనంతగిరిలో ఎక్కింది వేరే రకం ఎక్కుడు. ఇక్కడ గేరు మార్చడం ఆలస్యమైతే మిట్ట మధ్యలో సైకిల్ ఆగిపోతుంది, కాబట్టి దిగుడు చివర్లోనే, పైకి తిరగకముందే చిన్న గేరులోకి వచ్చేయండి. వెనక బరువుంటే నిలబడి తొక్కొద్దు, కూర్చునే తొక్కండి.

ఇంత కష్టపడి అటే ఎందుకంటే, ఆ నేలను నెమ్మదిగా చూడాలి. అక్కడి బూడిదరంగు రాయి దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటిది, చాలాచోట్ల దానిమీద మట్టే లేదు. 19వ శతాబ్దంలో భూస్వాములు గొర్రెల మేత కోసం పడమటి వైపు మంచి నేలల నుంచి రైతులను వెళ్లగొట్టి ఈ రాళ్లలోకి తోశారు. వాళ్లు సముద్రపు నాచు వీపున మోసుకొచ్చి, ఉన్న కాస్త మట్టితో కలిపి గట్లు పోసి బంగాళాదుంప పండించుకున్నారు. ఆ గట్ల చాళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి, సాయంత్రపు వాలు వెలుతురులో మరీ స్పష్టంగా. గొయ్యి తీసేంత లోతు మట్టి లేక శవాలను కొండ దాటించి పడమటి తీరానికి మోసుకుపోయేవాళ్లు. నేను అక్కడ తొక్కినప్పుడు ఆ మిట్టల మీద ఆగిన ప్రతిసారీ ఆ మోసుకెళ్లిన మనుషులే గుర్తొచ్చారు. రోడ్డు మొదట్లోనే రోడెల్‌లో సెయింట్ క్లెమెంట్స్ చర్చి ఉంది, లోపల 1528 నాటి చెక్కిన సమాధి ఉంది, ఒక పావుగంట ఆగండి.

ఇంకోటి, మీది చీరాల కాబట్టి దారిలో నేతగాళ్ల షెడ్లు కనిపిస్తే దాటిపోకండి. 1993లో వచ్చిన చట్టం ప్రకారం ఈ దీవుల్లో, నేతగాళ్ల ఇళ్ల దగ్గర చేత్తో నేసిన ఉన్ని బట్టకే హారిస్ ట్వీడ్ అన్న పేరు. కొన్ని మగ్గాలను కూర్చుని సైకిల్ తొక్కినట్టే తొక్కుతారు. మన గుంట మగ్గం చూసి పెరిగినవాళ్లకు అక్కడ మాట్లాడుకోవడానికి బోలెడుంటుంది.

ఇక మీ ఇద్దరి సంగతి, నిజానికి మీ టెన్షన్ అంతా దీని గురించే అనిపించింది. మిట్ట మీద పక్కపక్కనే తొక్కాలని పట్టుబట్టకండి. గట్టివాడు మీ కోసం నెమ్మదిస్తే వాడికి కాళ్లు పట్టేస్తాయి, వాడి కోసం మీరు తొందరపడితే మధ్యాహ్నానికి మీ పని అయిపోతుంది. పొద్దున్నే మ్యాప్ చూసి కలుసుకునే చోట్లు అనుకోండి, ఫలానా ఊరు, ఫలానా మలుపు అని, ఎందుకంటే ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ముందు చేరినవాడు మీరు వచ్చాక కూడా పది నిమిషాలు ఆగాలి, లేకపోతే విశ్రాంతి వాడికే దక్కుతుంది, మీకు దక్కదు. డేరా, పనిముట్లు వాడి సైకిల్ మీద వేయండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. చదునులో ఎదురుగాలి ఉంటే వాడే ముందుండాలి. అక్కడ ఎక్కువగా నైరుతి గాలి కాబట్టి దక్షిణం నుంచి వెళ్లడం మంచి నిర్ణయం.

రోడ్డు ఒక్క బండి పట్టేంతే. వెనక కారు వస్తే పక్కకు వెడల్పు చేసిన చోట ఆగి దారివ్వండి. మలుపు తిరగ్గానే గొర్రెలు రోడ్డు మధ్యలో పడుకుని ఉంటాయి, తడి రోడ్డు మీద దిగేటప్పుడు రెండు బ్రేకులూ ముందు నుంచే మెల్లగా పడుతూ రండి. మిట్ట పైన ఆగినప్పుడే జాకెట్ వేసుకోండి, చెమటతో దిగితే వణుకు పట్టుకుంటుంది. గాలి లేని సాయంత్రం మిడ్జ్‌లనే నలుసంత కుట్టే ఈగలు కమ్ముకుంటాయి, తలకు వల కొనుక్కోండి. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుతురుంటుంది, చీకటి పడుతుందన్న భయం వద్దు.

ఆదివారానికి నా సలహా, ప్రయాణం ఒక రోజు ముందు మొదలుపెట్టండి. శనివారం గోల్డెన్ రోడ్ చేస్తే షెడ్లు తెరిచి ఉండే అవకాశం ఎక్కువ. ఆదివారం క్లిషమ్ ఎక్కితే ఆ పెద్ద రోడ్డు మీద బండ్లు తక్కువ. హారిస్‌లోనూ, దానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న లూయిస్‌లోనూ ఆదివారం ప్రార్థన దినంగా గట్టిగా పాటిస్తారు, దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. ఆ రోజు తిండంతా శనివారమే కొనిపెట్టుకోవాలి: ఓట్‌కేకులు (ఓట్స్‌తో చేసే బిస్కెట్లు), చీజ్, అరటిపళ్లు, వేరుశెనగ వెన్న ఎక్కడైనా దొరుకుతాయి. చిన్న గ్యాస్ స్టవ్ ఎలాగూ తీసుకెళ్తారు కదా, గ్లాస్గో నుంచే బియ్యం, పులిహోర పొడి రెండు పూటలకు సరిపడా సర్దుకోండి.