మోటార్ వైండింగ్ ఇంట్ల ఫిజిక్స్ బిడ్డ

మిర్యాలగూడ నుంచి రాసిన అన్నా, మీ మెసేజ్ రెండుసార్లు చదివిన. మీది మోటార్ వైండింగ్ షాపు, బిడ్డ ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, చుట్టాలంతా కంప్యూటర్స్ ఇంజినీరింగ్ అంటుంటే ఆమె మాత్రం లేజర్ తోని ఆటమ్స్ ను చల్లగ చేసి పట్టుకునే రీసెర్చ్ చేస్త అంటుంది, గిది అసలు చదువేనా, దీంతోని బతుకుతదా అని అడిగిన్రు. చదువే అన్నా, బతుకుతది కూడ, కాకపోతే టైం పడ్తది, అది మీకు దాచను.

ముందు ఆమె ఏం చేస్త అంటుందో మీకు తెల్వాలె. మామూలు గదిల రుబిడియం అనే లోహం ఆటమ్స్ సెకనుకు దగ్గరదగ్గర 300 మీటర్లు ఉరుకుతయి. సరైన రంగు లేజర్ ఎదురుంగ కొడితే వెలుగు తగిలి తగిలి వాటి స్పీడ్ తగ్గుతది, గట్ల ఆరు దిక్కుల నుంచి కొట్టి, అటొకటి ఇటొకటి రాగి కాయిల్స్ పెట్టి రెండిట్ల కరెంటు ఎదురెదురు తిరిగేటట్టు పంపితే మధ్యల ఆటమ్స్ గుంపు నిలబడ్తది. కాయిల్ చుట్టుడు ఎట్లనో మీకు నేను చెప్పాల్నా! చుట్లు లెక్కపెట్టుడు, వైరు మీద ఎనామిల్ గీసుకపోకుండ చూసుడు, వేడెక్కితే ఏం చేయాల్నో ఆలోచించుడు, ఈ ల్యాబుల్ల పీహెచ్‌డీ పిల్లలు చేసే పనిల అది కూడ ఉంటది. 1995ల అమెరికాల బౌల్డర్ ల ఈ ఆటమ్స్ ను ఎంత చల్లగ చేసిన్రంటే, ఒక్క డిగ్రీని కోటి భాగాలు చేస్తే సున్నా కెల్విన్, అంటే అంతకన్న చల్లగ కాలేని హద్దు, దాని మీద రెండు భాగాలు కూడ లేవు. అంత చల్లగైతే ఆటమ్స్ గుంపంత కలిసి ఒక్కటే ఆటమ్ తీరుగ నడుస్తది, దాన్ని చేసి చూపినందుకు 2001ల నోబెల్ వచ్చింది, ఆ లెక్కకు మొదలు పెట్టింది 1924ల మన సత్యేంద్రనాథ్ బోస్.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఆమెకు ఎక్స్‌పరిమెంటా, థియరీనా? ఎక్స్‌పరిమెంట్ అంటే గాలి లేకుండ తీసేసిన స్టీలు డబ్బాల పని, లోపలికి పోయే పార్టుకు వేలిముద్ర అంటినా వ్యాక్యూమ్ చెడ్తది, అందుకే గ్లౌజులు, మూత బిగించే రాగి రింగు ఒకసారి విప్పితే మళ్ల కొత్తదే వేయాలె, లీక్ వెతుకుట్లనే వారాలు పోతయి. ఓపిక లేనోళ్లు ఆన్నే ఆగిపోతరు. థియరీ అయితే మ్యాథ్స్, క్వాంటమ్ మెకానిక్స్ అంటే ఆటమ్స్ అంత చిన్నవాటి నడకను లెక్కగట్టే ఫిజిక్స్, కంప్యూటర్ ల కోడ్ రాసుడు, చేతులకు మట్టి అంటదు కానీ బుర్ర అరుగుతది. నేనైతే ఇంటర్ పరీక్షలు అయినంక రెండు వారాలు మీ షాపుల కూసోబెట్టున్రి అంట, కాలిపోయిన మోటార్ విప్పి తప్పెక్కడుందో వెతుకుతుంటే ఆమెకు అన్నం యాదికొస్తలేదంటే ఆ పిల్ల ల్యాబ్ మనిషే.

దారి చెప్త. ఐసర్ లు అంటే కేంద్రం పెట్టిన సైన్స్ కాలేజీలు, ఆడ డిగ్రీ, పీజీ కలిపి అయిదేండ్ల బీఎస్ ఎంఎస్ ఉంది, తిరుపతిల కూడ ఉంది, ఆ ఎంట్రన్స్ ల మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ ప్రశ్నలు కూడ ఉంటయి, ఎంపీసీ పిల్లలు ఆన్నే దెబ్బతింటరు, ఇప్పటినుంచే రోజుకు గంట కూసోవాలె. అది రాకుంటే నల్గొండల్నే బీఎస్సీ చేసి జామ్ అనే ఎంట్రన్స్ రాసి ఐఐటీల ఎంఎస్సీకి పోవచ్చు, భయపడకున్రి. ఈ రీసెర్చ్ ఐసర్ పుణె, ముంబైల టాటా వాళ్ల పేరు మీదున్న రీసెర్చ్ సంస్థ టీఐఎఫ్‌ఆర్, బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్ లల్ల నడుస్తుంది. పీహెచ్‌డీల జేఆర్‌ఎఫ్ అనే సర్కారు ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, మీ జేబుల నుంచి పోయేది ఉండదు. 2023ల కేంద్రం నేషనల్ క్వాంటమ్ మిషన్ కు 6,000 కోట్ల పైన మంజూరు చేసింది, ఈ పని తెలిసినోళ్లకు ఇప్పుడు గిరాకీ మొదలైంది.

కష్టం కూడ చెప్త. పర్మనెంట్ నౌకరీ వచ్చేసరికి ముప్పై దాటుతది, నడుమ రెండు మూడేండ్లు విదేశం పోవాల్సి రావచ్చు, ఇంటిమీద అప్పుండి ఇరవై రెండుకే జీతం కావాల్నంటే ఈ దారి బరువైతది, అది మీరే లెక్క చూసుకోవాలె. పెండ్లి ముచ్చట ఇప్పుడే తేకున్రి అన్నా. షాపుల రెండు వారాలు అయినంక బిడ్డ ఏమన్నదో నాకు రాయిన్రి, అప్పుడు కాలేజీల సంగతి మాట్లాడుదాం.